వెనిస్‌కు ఒక్కరోజు అతిథి ఎందుకు భారమయ్యాడు? కుటుంబ యాత్రకు వెళ్లేవారు తెలుసుకోవలసిన లెక్కలు

ఇటలీ యాత్ర అనగానే రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ అనే మూడు పేర్లు వరుసగా వినిపిస్తాయి. సెలవుల్లో పిల్లాపాపలతో ఐరోపాకు బయలుదేరే కుటుంబాల ప్రణాళికలో వెనిస్‌కు తరచుగా దక్కేది ఒకే ఒక్క పగలు. ఉదయం రైలు దిగడం, సెయింట్ మార్క్స్ స్క్వేర్‌లో ఫొటోలు దిగడం, రియాల్టో వంతెన ఎక్కి దిగడం, సాయంత్రానికి మరో నగరానికి చేరుకోవడం ప్యాకేజీ యాత్రల్లో పరిపాటి. సరిగ్గా ఇటువంటి సందర్శకుల నుంచే వెనిస్ నగరపాలక సంస్థ 2024 ఏప్రిల్ 25న ప్రవేశ రుసుము వసూలు చేయడం ప్రారంభించింది.

కోటకో, మ్యూజియానికో టికెట్ కొనడం అందరికీ అలవాటే. ఒక ఊళ్లో అడుగు పెట్టడానికే రుసుము చెల్లించాలన్న నిబంధన మాత్రం కొత్తది. ఇది ఎవరికి వర్తిస్తుంది, ఎందుకు పుట్టింది, ఆశించిన ఫలితం ఇచ్చిందా, ఒక కుటుంబం ఖర్చును ఎంత మారుస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానాలు ఇవి.

రుసుము ఎప్పుడు, ఎంత?

ఈ రుసుము ఏడాది పొడవునా ఉండదు. రద్దీ ఎక్కువగా ఉండే వసంత, గ్రీష్మ కాలాల్లో ఎంపిక చేసిన రోజులకే పరిమితం. 2024లో ప్రయోగాత్మకంగా 29 రోజులు అమలు చేశారు. అప్పుడు మనిషికి 5 యూరోలు. 2025లో ఆ రోజులను 54కు పెంచారు. ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు ఆన్‌లైన్‌లో చెల్లించినవారికి 5 యూరోలు, ఆ గడువు దాటినవారికి 10 యూరోలుగా నిర్ణయించారు. తేదీలను నగరపాలక సంస్థ ముందుగానే ప్రకటిస్తుంది కాబట్టి టికెట్లు కొనే ముందు ఆ ఏడాది పట్టికను చూసుకోవడం అవసరం.

రుసుము వర్తించే వేళలు ఉదయం 8.30 నుంచి సాయంత్రం 4 గంటల వరకు. నాలుగు దాటాక నగరంలోకి వచ్చేవారు ఏమీ చెల్లించనక్కరలేదు. చెల్లించినవారికి ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. రైల్వే స్టేషన్ వంటి ప్రవేశ మార్గాల దగ్గర సిబ్బంది దానిని తనిఖీ చేస్తారు. కోడ్ లేకుండా పట్టుబడితే 50 నుంచి 300 యూరోల వరకు జరిమానా ఉంటుంది.

ఎవరికి మినహాయింపు?

14 ఏళ్ల లోపు పిల్లలకు రుసుము లేదు. నగరంలో నివసించేవారికి, అక్కడ ఉద్యోగం చేసేవారికి, చదువుకునేవారికి కూడా లేదు. రాత్రి బస చేసే పర్యాటకులకు సైతం మినహాయింపు ఉంది. ఎందుకంటే హోటల్ బిల్లుతో పాటు వారు బస పన్ను విడిగా చెల్లిస్తారు. అయితే మినహాయింపు దానంతట అదే రాదు. బస వివరాలను అధికారిక పోర్టల్‌లో నమోదు చేసి, మినహాయింపు కోడ్ తీసుకోవాలి. ఈ చిన్న పని మరచిపోతే తనిఖీలో చిక్కు తప్పదు.

మరో ముఖ్య విషయం మెస్త్రె. వెనిస్‌కు ఎదురుగా ప్రధాన భూభాగంపై ఉన్న ఈ పట్టణం కూడా పరిపాలనాపరంగా వెనిస్ నగరపాలక సంస్థ పరిధిలోనిదే. దీవిలో కంటే హోటల్ గదులు చౌకగా దొరుకుతాయని చాలా కుటుంబాలు అక్కడ దిగుతాయి. వారు కూడా బస చేసిన అతిథుల కిందికే వస్తారు. మినహాయింపు కోడ్ తీసుకుంటే సరిపోతుంది. పరిధికి ఆవల మరో పట్టణంలో బస చేసి పగటిపూట వచ్చేవారు మాత్రం రుసుము కట్టవలసిందే. మురానో, బురానో, లిడో వంటి దీవులు రుసుము పరిధిలో లేవు. అది పాత నగరానికి మాత్రమే వర్తిస్తుంది.

ఆరుగురి కుటుంబానికి లెక్క ఎంత?

తాతయ్య, నాయనమ్మ, తల్లిదండ్రులు, 15 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి ఉన్న కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2025 నాటి ధరల ప్రకారం, రుసుము ఉన్న రోజున పగటి యాత్రకు వస్తే ఐదుగురు చెల్లించాలి. వయోవృద్ధులకు ప్రత్యేక మినహాయింపు లేదు. ముందుగా కడితే 25 యూరోలు, ఆలస్యమైతే 50 యూరోలు. యూరోను సుమారు 100 రూపాయలుగా లెక్కిస్తే 2,500 లేదా 5,000 రూపాయలు.

అసలు భారం వేరే చోట ఉంది. పాత నగరంలో కార్లు, బస్సులు, ఆటోలు ఏవీ లేవు. వాపొరెత్తో అని పిలిచే ప్రజా రవాణా పడవే సిటీ బస్సు. దాని టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలకు మాత్రమే ఉచితం కాబట్టి ఆరుగురికీ టికెట్ కావాలి. అంటే ఒక్కసారి ఎక్కితే 57 యూరోలు. రానూపోనూ 114. 24 గంటల పాస్ మనిషికి 25 యూరోల చొప్పున 150 అవుతుంది. మూడు సార్లు ఎక్కేవారికి పాస్ లాభం, రెండు సార్లతో సరిపెట్టుకునేవారికి విడి టికెట్లే చౌక. స్టేషన్ నుంచి సెయింట్ మార్క్స్ స్క్వేర్‌కు ఒక వైపు నడిచి, తిరుగు ప్రయాణానికి పడవ ఎక్కితే ఖర్చు సగానికి తగ్గుతుంది. నడక ముప్పావు గంటకు మించదు. కానీ దారిలోని వంతెనలు చాలావరకు మెట్ల వంతెనలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో, పసిపిల్లల తోపుడు బండితో వెళ్లేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

గొండోలా ధర నగరం నిర్ణయించినదే. పగలు 30 నిమిషాలకు 90 యూరోలు, రాత్రి 7 తరువాత 110. ఇది మనిషికి కాదు, పడవకు. అయితే ఒక పడవలో ఐదుగురికి మించి ఎక్కనివ్వరు. ఆరుగురి కుటుంబం రెండు పడవలు మాట్లాడుకోవలసి వస్తుంది, అంటే 180 యూరోలు. గొండోలా ఎక్కిన అనుభూతి చాలుననుకునేవారికి త్రగెత్తో ఉంది. గ్రాండ్ కెనాల్‌ను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే రేవు పడవ అది. మనిషికి 2 యూరోలు, ప్రయాణం రెండు మూడు నిమిషాలు.

ఇంతకీ ఎందుకీ రుసుము?

వెనిస్ పాత నగరంలో 1951 నాటికి దాదాపు 1,75,000 మంది నివసించేవారు. 2009లో ఆ సంఖ్య 60,000 కంటే దిగువకు పడిపోయినప్పుడు నగరవాసులు శవపేటికను పడవలో ఊరేగించి, ఊరికి ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపి నిరసన తెలిపారు. 2022లో జనాభా 50,000 కంటే కూడా తగ్గింది. రియాల్టో సమీపంలోని ఒక మందుల దుకాణం కిటికీలో ఎలక్ట్రానిక్ పలక ఒకటి ఉంటుంది. అది చూపించేది నగరంలో మిగిలిన నివాసుల సంఖ్య. ఇప్పుడు పాత నగరంలో పర్యాటకులకు ఉన్న పడకల సంఖ్య అక్కడ నివసించే మనుషుల సంఖ్యను దాటిపోయింది.

ఈ వలసకు కారణాలు అనేకం. 1950ల తరువాత పరిశ్రమలు ప్రధాన భూభాగానికి తరలాయి. పాత ఇళ్ల మరమ్మతు ఖరీదైన పని. వరద భయం ఎప్పుడూ ఉండేది. ఇటీవలి దశాబ్దాల్లో వీటికి పర్యాటకం తోడైంది. ఇంటిని స్థానిక కుటుంబానికి నెలవారీ అద్దెకు ఇవ్వడం కంటే పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇస్తే యజమానికి లాభం ఎక్కువ. ఆ కారణంగా ఇళ్లు గదులయ్యాయి. కిరాణా కొట్లు, చెప్పులు కుట్టే దుకాణాల స్థానంలో ముఖతొడుగులు, అయస్కాంత బొమ్మలు అమ్మే దుకాణాలు వచ్చాయి. నివాసి తగ్గితే బడి మూతపడుతుంది, బడి మూతపడితే మరో కుటుంబం వెళ్లిపోతుంది.

ఏటా వెనిస్‌కు రెండు నుంచి మూడు కోట్ల మంది వస్తారన్నది తరచుగా వినిపించే అంచనా. వారిలో అధిక సంఖ్యాకులు రాత్రి ఉండనివారే. నగరం ఆందోళన కూడా వీరి గురించే. రోజువారీ సందర్శకుడు ఇరుకు సందుల్లో, పడవల్లో చోటు పంచుకుంటాడు, చెత్త మిగులుస్తాడు. చెత్తను ఇంటింటి నుంచి సేకరించి పడవల్లో తరలించవలసిన ఊళ్లో ఆ ఖర్చు మామూలు నగరాల కంటే ఎక్కువ. బస చేసే అతిథి పన్ను రూపంలో అందులో కొంత భరిస్తాడు. పగటి అతిథి వంతు ఇంతకాలం నివాసులే భరించారు. రుసుము వెనుక ఉన్న వాదన ఇదే.

ఫలితం దక్కిందా?

2024లో దాదాపు 4,85,000 మంది రుసుము కట్టగా సుమారు 24 లక్షల యూరోలు వచ్చాయి. 2025లో కట్టినవారు దాదాపు 7,23,000 మంది. ఆదాయం సుమారు 54 లక్షల యూరోలు. సగటున చూస్తే తొలి ఏడాది రోజుకు 16,700 మంది, రెండో ఏడాది రోజుకు 13,400 మంది చెల్లించారు. దీనిని బట్టి రద్దీ తగ్గిందని వెంటనే తీర్మానించడం తొందరపాటు. రెండేళ్లలో ఎంపిక చేసిన రోజులు ఒకటి కావు, రోజుల సంఖ్య కూడా దాదాపు రెట్టింపు అయింది.

విమర్శకుల వాదన సూటిగా ఉంటుంది. వేల రూపాయలు పెట్టి వచ్చిన పర్యాటకుడు ఐదు యూరోల కోసం ఆగిపోడని, ఇది రద్దీని తగ్గించేది కాక ఖజానాను నింపేదని వారంటారు. ఊరిని మ్యూజియంగా మార్చి టికెట్ పెట్టారన్నది కొందరు నగరవాసుల ఆవేదన. రుసుముతో పాటు సందర్శకుల సంఖ్యకు పరిమితి లేకపోవడం ఈ విధానంలోని ప్రధాన లోపంగా వారు చూపుతారు. ఎంతమంది కట్టినా అందరికీ ప్రవేశం ఉంటుంది. దీనివల్ల దక్కిన ఒక ప్రయోజనం మాత్రం స్పష్టం. ఏ రోజున ఎంతమంది రానున్నారన్న అంచనా నగరానికి ముందుగా అందుతోంది.

భారతదేశంలోనూ ఇటువంటి ప్రయత్నాలు ఉన్నాయి. తాజ్‌మహల్ టికెట్‌కు 2018లో మూడు గంటల కాలపరిమితి పెట్టారు. అదే ఏడాది ప్రధాన సమాధి మందిరంలోకి వెళ్లడానికి 200 రూపాయల అదనపు రుసుము విధించారు. ఊటీ, కొడైకెనాల్‌లకు వెళ్లే వాహనాలకు మద్రాస్ హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి అయింది.

వెనిస్ తీసుకున్న చర్యల్లో రుసుము ఒకటి మాత్రమే. 25,000 టన్నులు దాటిన భారీ విహార నౌకలు సెయింట్ మార్క్స్ ముందున్న జలమార్గంలోకి రాకుండా 2021 ఆగస్టు 1 నుంచి నిషేధించారు. 2024లో గైడ్ వెంట వెళ్లే బృందాలను 25 మందికి పరిమితం చేసి, లౌడ్‌స్పీకర్ల వాడకాన్ని ఆపారు. పెద్ద బస్సు నిండా వచ్చే భారతీయ బృందాలకు ఈ నిబంధన నేరుగా తగులుతుంది.

నీటి మీద నిలిచిన ఊరు

ఇంత శ్రమ పడి కాపాడుకోవలసిన ప్రత్యేకత ఆ ఊరిలో ఏమున్నదో తెలిస్తే చూసే చూపు మారుతుంది. ఉప్పునీటి కాయల్‌లోని 118 చిన్న దీవులను 400కు పైగా వంతెనలతో కలిపి కట్టిన నగరం ఇది. అడుగున మెత్తని బురద. అందులోకి కలప దుంగలను దగ్గర దగ్గరగా దించి, వాటిపై రాతి పునాదులు వేసి భవనాలు లేపారు. గ్రాండ్ కెనాల్ ముఖద్వారంలోని సాంతా మరియా దెల్లా సలూతె చర్చి కింద పది లక్షలకు పైగా దుంగలు ఉన్నాయని చెబుతారు. 1630 నాటి ప్లేగు శాంతించాలన్న మొక్కుగా కట్టిన గుడి అది. బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కాబట్టి కలప త్వరగా కుళ్లదు.

సముద్రపు పోటు ఎక్కువైనప్పుడు వీధుల్లోకి నీరు వస్తుంది. 1966 నవంబరు 4న నీటిమట్టం 194 సెంటీమీటర్లకు, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లకు చేరింది. దీనికి పరిష్కారంగా మోసె అనే అడ్డుకట్ట నిర్మించారు. కాయల్‌లోకి సముద్రం వచ్చే మూడు ముఖాల దగ్గర 78 ఉక్కు తలుపులు నీటి అడుగున పడుకుని ఉంటాయి. భారీ పోటు రానుందని అంచనా వస్తే వాటిలోని నీటిని గాలితో బయటికి నెడతారు. అప్పుడవి పైకి లేచి సముద్రాన్ని ఆపుతాయి. 2020 అక్టోబరు 3న తొలిసారి నిజమైన పోటును ఈ తలుపులు నిలువరించాయి. దానికి ముందు ఏళ్ల తరబడి జాప్యం, 2014లో పెద్ద అవినీతి కేసు నడిచాయి. అన్ని పోట్లకూ తలుపులు లేపరు. పల్లంలో ఉన్న సెయింట్ మార్క్స్ స్క్వేర్‌లోకి శరదృతువులో, చలికాలంలో కొద్దిపాటి నీరు ఇప్పటికీ రావచ్చు.

పిల్లలకు ఏం చూపించాలి?

సెయింట్ మార్క్స్ బసిలికా, డోజెస్ ప్యాలెస్, 1591లో పూర్తయిన రియాల్టో వంతెన ఎవరూ వదలరు. స్క్వేర్‌లోని ఎత్తైన గంటస్తంభం 1902 జులై 14న కుప్పకూలింది. పదేళ్లకు దానిని మునుపటి రూపంలోనే మళ్లీ కట్టారు. ఇప్పుడు అందరూ ఎక్కేది ఆ రెండో స్తంభాన్నే. బసిలికా ముఖద్వారంపై కనిపించే నాలుగు గుర్రాలు నకళ్లు. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టి తెచ్చిన అసలు విగ్రహాలు లోపలి మ్యూజియంలో ఉన్నాయి.

పిల్లలకు ఎక్కువగా నచ్చేవి అంతగా పేరులేని చోట్లే. స్క్వేర్‌కు పియాజ్జా అన్న గౌరవం ఒక్క సెయింట్ మార్క్స్‌కే ఉంది. మిగిలిన చిన్న మైదానాలన్నీ కాంపోలు, అంటే పొలాలు. ఒకప్పుడు అక్కడ గడ్డి మొలిచేది. ప్రతి కాంపో నడుమ రాతి గట్టున్న బావి కనిపిస్తుంది. అవి ఊట బావులు కావు. చుట్టూ నీరు ఉన్నా తాగేందుకు చుక్క లేని ఊరు కాబట్టి వాననీటిని ఇసుక పొరల గుండా వడగట్టి నిల్వ చేసిన తొట్లు. 1884లో కొళాయి నీరు వచ్చేదాకా నగరం వాటి మీదే ఆధారపడింది. ఇప్పుడు సాయంత్రం వేళ ఆ కాంపోల్లో స్థానిక పిల్లలు బంతాట ఆడుతుంటారు.

చిరునామాలు తికమక పెడతాయి. నగరంలో ఆరు పేటలున్నాయి. ఇంటి నంబరు వీధి ప్రకారం కాక పేట మొత్తానికి వరుసగా నడుస్తుంది. నాలుగంకెల నంబరు, పేట పేరు మాత్రమే ఉన్న చిరునామాతో హోటల్ వెతకడం కష్టం. దగ్గరలోని పడవ రేవు పేరు అడిగి ఉంచుకోవడం మంచిది. పావురాలకు గింజలు వేయడంపై 2008 నుంచి నిషేధం ఉంది. స్క్వేర్ మెట్లపై కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర విప్పినా జరిమానా పడవచ్చు.

మోటుపల్లికి వచ్చిన వెనిస్ వర్తకుడు

తెలుగువారికి ఈ నగరంతో పాత పరిచయమే ఉంది. వెనిస్ వర్తక కుటుంబానికి చెందిన మార్కో పోలో 13వ శతాబ్దం చివరలో కోరమాండల్ తీరం గుండా ప్రయాణించాడు. ఆయన గ్రంథంలోని ముత్‌ఫిలి నేటి చినగంజాం సమీపంలోని మోటుపల్లి అని చరిత్రకారులు గుర్తించారు. ఆ రాజ్యాన్ని న్యాయబుద్ధి గల ఒక రాణి ఏలిందని ఆయన రాశాడు. ఆమె కాకతీయ రుద్రమదేవి. అక్కడి వజ్రాలు, సన్నని వస్త్రాల గురించి కూడా ప్రస్తావించాడు. పోలో కుటుంబం నివసించిన ప్రాంతం రియాల్టోకు దగ్గరలోని కోర్తె దెల్ మిలియోన్ అనే చిన్న ప్రాంగణం పరిసరాల్లో ఉంది. టికెట్ లేకుండా చూడగల చోటు.

రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం, పరదేశి వర్తకుల సరుకును ఇకపై జప్తు చేయబోమని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని హామీ ఇచ్చింది. అతిథి నుంచి ఎంత తీసుకోవాలి, బదులుగా అతనికి ఏమి ఇవ్వాలి అన్న ప్రశ్న రేవు పట్టణాలకు కొత్త కాదు.

బయలుదేరే ముందు

ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి రుసుము పెద్దవారికి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు వారికి 45 యూరోలు, ఆరేళ్ల లోపు పిల్లలకు ఉచితం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి చివరి గడువు దాకా ఆగకూడదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త విధానాన్ని దశలవారీగా ప్రవేశపెట్టారు. 12 ఏళ్ల లోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు.

ఇక మిగిలేది పగటి యాత్రా, బసా అన్న నిర్ణయం. పగటి యాత్రలో హోటల్ ఖర్చు మిగులుతుంది. కానీ ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా, అంటే నగరం అత్యంత కిక్కిరిసి ఉండే వేళల్లోనే చూడవలసి వస్తుంది. మెస్త్రెలో కాకుండా దీవిలోనే ఒక రాత్రి గడిపే కుటుంబం ఎక్కువ ఖర్చు పెడుతుంది. బస పన్నులో పదేళ్ల లోపు పిల్లలకు మినహాయింపు, 10 నుంచి 16 ఏళ్ల వారికి సగం తగ్గింపు ఉన్నాయి. గది ఎంచుకునేటప్పుడు అది నిన్నటిదాకా ఒక కుటుంబం నివసించిన ఇల్లా, హోటలా అన్నది కూడా చూడవచ్చు. పగటి గుంపులు రైలెక్కి వెళ్లాక చేపల అంగడి, బడి పిల్లలు, కాంపోలో బల్లల మీద కబుర్లాడే వృద్ధులు మిగులుతారు. రుసుము కాపాడదలచుకున్న వెనిస్ అదే. అది కనిపించేది సాయంత్రం, మళ్లీ తెల్లవారుజామున.